బ్రాంచ్ ఎంచుకోవడంలో మీ గురువుల మాట ఎంతవరకు పనిచేసింది?

తొలకరి (హౌస్ సర్జన్)

అందరికీ నమస్కారం. ప్రభుత్వ మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్‌గా చేస్తున్నాను. ఇంటర్న్‌షిప్ చివరికొచ్చింది, పక్కన నీట్ పీజీ (పీజీ సీట్ల ఎంట్రన్స్) చదువు నడుస్తోంది. మా ఇంట్లో గానీ, మా చుట్టాల్లో గానీ డాక్టర్లు ఎవరూ లేరు. నాన్న ఆర్టీసీలో కండక్టరు. బ్రాంచ్ సంగతి ఎత్తితే "మాకేం తెలుసమ్మా, నీకు ఏది మంచిదనిపిస్తే అది" అంటారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మెడిసిన్ పోస్టింగ్‌లో మా యూనిట్ ఛీఫ్ నన్ను చాలా బాగా చూసుకున్నారు. రౌండ్స్‌లో పక్కన నిలబెట్టుకుని ప్రతి కేసూ చెప్పారు. "నువ్వు మెడిసిన్‌లోకి రావాలి, తర్వాత డీఎం (మెడిసిన్ తర్వాత సూపర్ స్పెషాలిటీ) చెయ్యి" అంటారు. ఆయనంటే నాకు చాలా గౌరవం. కానీ సైకియాట్రీలో గడిపిన రెండు వారాలు మనసులోంచి పోవడం లేదు.

అక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్ మేడమ్ ఓపీలో నన్ను పక్క కుర్చీలో కూర్చోబెట్టుకునేవారు. ఒకరోజు ఒకాయన వచ్చాడు, యాభై ఏళ్లుంటాయి, రైతు. ఏళ్ల తరబడి తలనొప్పి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో సీటీ స్కాన్ ఫిల్ములు, అన్నీ నార్మల్. మేడమ్ తలనొప్పి ఊసే ఎత్తలేదు. "పొద్దున ఎన్నింటికి మెలకువ వస్తుంది?" అన్నారు. "మూడింటికమ్మా." "లేచి ఏం చేస్తారు?" ఆయన మాట్లాడలేదు. పక్కనున్న భార్య "తెల్లారేదాకా అరుగు మీద కూర్చుంటాడు, అన్నం సహించదు, పొలం వైపు పోడు" అని కళ్లు తుడుచుకుంది. మేడమ్ ఆయనతో ఒంటరిగా మాట్లాడారు. తర్వాత భార్యను పిలిచి ఇంట్లో పురుగుల మందు ఎక్కడ పెడతారో అడిగారు, ఆ రోజే తీసేయమన్నారు. మందులు రాసి వారానికి రమ్మన్నారు. నా పోస్టింగ్ అయ్యేలోపే ఆయన మళ్లీ వచ్చాడు. "నిద్ర పడుతోందమ్మా" అన్నాడు.

ఈ సంగతి ఛీఫ్‌కి చెబితే "సైకియాట్రీనా? ఇంత క్లినికల్ సెన్స్ పెట్టుకుని అక్కడికెళ్లి వేస్ట్ అయిపోతావు" అన్నారు. ప్రేమతోనే అన్నారు. అయినా ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మీరంతా బ్రాంచ్ ఎంచుకున్నప్పుడు ఎవరి మాట విన్నారు? ఆ మాట నిలబడిందా?

విశ్రాంత ఫిజీషియన్

అమ్మా, నేను మెడిసిన్‌లోనే రిటైరయ్యాను. కాబట్టి మీ ఛీఫ్‌కి వత్తాసు పలుకుతాననుకుంటావేమో. లేదు. ఆయన నీకు రెండు పనులు చేశారు. ఒకటి, పక్కన నిలబెట్టుకుని పని నేర్పడం. అది గొప్ప సంగతి. రెండోది, ఇంకో డిపార్ట్‌మెంట్‌ని ఒక్క మాటతో తీసిపారేయడం. ఆ రెండో పని ఏ ఉపాధ్యాయుడూ చేయకూడదు.

ముప్పై ఏళ్లకు పైగా టీచింగ్‌లో చూశాను. పిల్లలు తమను పేరు పెట్టి పిలిచిన డిపార్ట్‌మెంట్ వైపు మొగ్గుతారు. నూట యాభై, రెండొందల మంది ఉన్న బ్యాచ్‌లో "ఏయ్ ఇంటర్న్" అనకుండా పేరుతో పిలిచి, కేస్ షీట్ చేతికిచ్చి, "నీకేమనిపిస్తోంది?" అని అడిగేవాళ్లు ఎంతమంది ఉంటారు? అడిగినవాళ్ల బ్రాంచే గొప్పగా కనబడుతుంది. అందుకే అడుగుతున్నాను, నీకు సైకియాట్రీ నచ్చిందా, ఆ మేడమ్ నచ్చారా? మెడిసిన్ మీద గౌరవమా, మీ ఛీఫ్ మీద గౌరవమా? వెంటనే జవాబు చెప్పనక్కర్లేదు. ఆ మేడమ్ సెలవులో ఉన్న రోజు ఓపీకి వెళ్లి కూర్చో. వేరే డాక్టరు దగ్గర కూడా ఆ పని నీకు అంతే బాగుంటే, నీకు నచ్చింది ఆ పనే.

తలనొప్పి రైతు కేసు చదువుతుంటే ఒకటి అనిపించింది. ఆ ప్రశ్న మెడిసిన్ ఓపీలో మొదటిరోజే అడగాల్సింది. క్లినికల్ సెన్స్ అంటే అదే. అది సైకియాట్రీలో వేస్ట్ ఎలా అవుతుంది?

మత్తు డాక్టరు

మీ పోస్ట్ చదివి ఊరుకోలేకపోయాను. మా అనస్తీషియాకి కూడా ఇంటర్న్‌షిప్‌లో దక్కేది రెండు వారాలే. 2021 నిబంధనల ప్రకారం కమ్యూనిటీ మెడిసిన్‌కి 12 వారాలు, మెడిసిన్‌కి 6, సర్జరీకి 6, సైకియాట్రీకి 2, మాకు 2. ఆ రెండు వారాల్లో సగం మంది పిల్లలు లైబ్రరీలోనే ఉంటారు, ఎందుకంటే పీజీ ఎంట్రన్స్ చదువు. ఇక మేం చేసే పని వాళ్లకెలా తెలుస్తుంది? థియేటర్‌లో తెరకి అటువైపు కూర్చునేవాడు అనుకుంటారు.

నేను ఈ బ్రాంచ్‌లోకి రావడానికి ఒక సీనియర్ మేడమ్ కారణం. రాత్రి డ్యూటీలో ఎక్లాంప్సియా (గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం) కేసు వచ్చింది. ఫిట్స్ ఆగాయి గానీ మనిషి మత్తులోనే ఉంది, బీపీ విపరీతం, బిడ్డ గుండె తగ్గిపోతోంది. లేబర్ రూం నుంచి థియేటర్‌కి పరుగులు, అందరూ అరుస్తున్నారు. మేడమ్ ఒక్కరే గొంతు పెంచలేదు. మందులు సిద్ధం చేస్తూనే నన్ను తల దగ్గరికి పిలిచి మాస్కు పట్టుకోమన్నారు. "చిటికెన వేలు దవడ మూల కింద పెట్టు. దవడని మాస్కులోకి లాగు, మాస్కుని మొహం మీదకి నొక్కకు" అన్నారు. నా చెయ్యి మీద చెయ్యి వేసి సరిచేశారు. రెండో చేతిలో బ్యాగ్ నొక్కుతుంటే ఊపిరితిత్తుల్లోకి గాలి పోవడం అరచేతికి తెలిసింది. ఛాతీ లేచింది. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్) మానిటర్ శబ్దం కిందికి జారుతున్నది కాస్తా మళ్లీ పైకి ఎక్కింది. ఆ శబ్దం విన్నాక ఇంకే బ్రాంచీ నాకు పట్టలేదు.

ఆమె ఎప్పుడూ "అనస్తీషియా తీసుకో" అనలేదు. సీటు వచ్చాక కాళ్లకు దణ్ణం పెట్టబోతే ఆపి "రాత్రిళ్లు ఉంటాయి. పేషెంటుకి నీ పేరు గుర్తుండదు. తట్టుకోగలవా?" అని మాత్రం అడిగారు. అలా అడిగేవాళ్లని నమ్మండి.

ర్యాంకే రాజు

అందరికీ దణ్ణం. మంచి మాటలే, కానీ నేల మీద జరిగేది వేరు. 200 ప్రశ్నలు, 800 మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత. ఆ మూడున్నర గంటలు తేలుస్తాయి బ్రాంచ్ ఏంటో. గురువు ఎంత నచ్చినా వచ్చిన ర్యాంకుకి రేడియాలజీ రాదు, డెర్మటాలజీ రాదు. డబ్బున్నవాడికి మేనేజ్‌మెంట్ కోటా ఉంది. కండక్టరు గారి అమ్మాయికి ఏముంది? 2023లో అర్హత పర్సంటైల్‌ని ఏకంగా సున్నాకి దించినా కొన్ని నాన్‌క్లినికల్ సీట్లకి జనం రాలేదు. పైన కొన్ని బ్రాంచ్‌లకి కొట్టుకుచస్తున్నారు, కింద సీట్లు ఖాళీ. ఇందులో మెంటార్ పాత్ర ఎక్కడ?

విశ్రాంత ఫిజీషియన్

ర్యాంకు ఒక గేటు, ఒప్పుకుంటాను. కానీ మీరు చెప్పినదాంట్లోనే జవాబుంది. అందరూ ఒకే నాలుగు బ్రాంచ్‌లకి ఎందుకు ఎగబడుతున్నారు? ఎవరో చెప్పబట్టే కదా. కోచింగ్ సెంటరులో వినిపిస్తుంది, హాస్టల్‌లో వినిపిస్తుంది, ఫలానా ర్యాంకు వచ్చి ఫలానా బ్రాంచ్ తీసుకుంటే పిచ్చోడంటారు. ఎవరూ నేరుగా సలహా ఇవ్వకపోయినా అదీ సలహాయే, అందులో ఆ పిల్లాడి గురించి తెలిసినవాళ్లు ఒక్కరూ ఉండరు.

పైగా మధ్యలో ఉండే ర్యాంకులకి ఎంపిక నిజంగానే ఉంటుంది. ఒకే ర్యాంకుకి ఒక కాలేజీలో మెడిసిన్, ఇంకో కాలేజీలో పీడియాట్రిక్స్, మరోచోట సైకియాట్రీ, ఈఎన్టీ, అనస్తీషియా వస్తాయి. అక్కడే మనిషి మాట పనిచేస్తుంది.

కత్తి పట్టిన అమ్మాయి

నేను జనరల్ సర్జరీ ఫైనలియర్ పీజీ. మాకు ఇంకో రకం సలహాలుంటాయి. ఆడపిల్లవి, సర్జరీ ఎందుకు? గైనిక్ తీసుకో, లేకపోతే డెర్మా తీసుకో, పెళ్లయ్యాక హాయిగా ఉంటుంది. ఈ మాట చెప్పనివాళ్లు లేరు. చెప్పినవాళ్లంతా నా మంచి కోరేవాళ్లే, అందుకే ఎదురు చెప్పడం కష్టమైంది.

నాకు దారి దొరికింది మా కాలేజీలో ఒక అసోసియేట్ ప్రొఫెసర్ మేడమ్ వల్ల. ఆమె నాకు ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. ఆమె ఉన్నారు, అంతే. ఉదయం హెర్నియా చేసి, మధ్యాహ్నం పీజీలకి క్లాసు చెప్పి, సాయంత్రం స్కూటీ మీద కూతుర్ని ట్యూషన్ నుంచి తెచ్చుకునే సర్జన్ కళ్లముందు తిరుగుతుంటే, "ఆడవాళ్లు చేయలేరు" అన్న మాటకి ఇంక విలువేముంది?

మద్రాసులో టి.ఎస్. కనక గారిని గుర్తు చేసుకోండి. 1932లో పుట్టారు. జనరల్ సర్జరీ చేసి, 1968లో న్యూరోసర్జరీలో ఎంసీహెచ్ (సర్జరీలో సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) పూర్తి చేశారు. ప్రపంచంలోనే తొలితరం మహిళా న్యూరోసర్జన్లలో ఒకరు. బి. రామమూర్తి గారు మద్రాసులో నిలబెట్టిన విభాగంలో, బాలసుబ్రమణ్యం గారితో కలిసి స్టీరియోటాక్టిక్ (మెదడులో కచ్చితమైన చోటుని కొలతలతో గుర్తించి చేసే) శస్త్రచికిత్సలు చేశారు. ఆ రోజుల్లో ఆమెకి తన ముందు నడిచిన ఆడమనిషి కనబడలేదు. కానీ చోటిచ్చిన విభాగం ఒకటి ఉంది. ముందు నడిచినవాళ్లు లేకపోయినా, కనీసం తలుపు వేయనివాళ్లు కావాలి.

పాత పుస్తకాల పిచ్చి

తలుపు మాట వచ్చింది కాబట్టి మనవాడి కథ చెబుతాను. బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీ పిలుపుకి స్పందించి ఖద్దరు గౌను వేసుకుని వెళ్లాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. మిగతా పేపర్లు బాగా రాసినా చివరికి సుబ్బారావు చేతికి ఎంబీబీఎస్ బదులు దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ అనే వైద్య పట్టా వచ్చింది. సర్కారీ వైద్య ఉద్యోగం దొరకలేదు. మద్రాసులోనే ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పుకున్నాడు. తర్వాత హార్వర్డ్‌కి వెళ్లి, అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించాడు. బయోకెమిస్ట్రీలో ఇప్పటికీ ఇద్దరి పేర్లతోనే చదువుతాం.

బ్రాడ్‌ఫీల్డ్ వల్ల మంచే జరిగిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆయన చేసింది అన్యాయం. అంత తెలివీ మొండితనమూ ఉన్న మనిషి కాబట్టి నిలబడ్డాడు. అలా దెబ్బ తిని లేవలేకపోయినవాళ్ల పేర్లు మనకి తెలియవు.

నొప్పింపక (పేరు చెప్పలేను)

పై పోస్ట్ చదివి రాస్తున్నాను. నాకు మొదటి నుంచీ సర్జరీ అంటే ప్రాణం. సెకండియర్ నుంచి ముడులు వేయడం మంచం కోడుకి దారం కట్టి ప్రాక్టీస్ చేసేవాణ్ణి. ఇంటర్న్‌షిప్‌లో నేను పడిన యూనిట్‌లో బూతులు తప్ప మాట లేదు. డ్రెస్సింగ్ సరిగ్గా లేదని పేషెంట్ ముందే కేస్ షీట్ మొహాన కొట్టారు. పీజీ అన్నలు రెండు రోజులకోసారి స్నానం చేసేవాళ్లు. వాళ్లని చూసి భయం వేసింది. పీజీలో సర్జరీ సీటు వచ్చే ర్యాంకే వచ్చింది. తీసుకోలేదు. ఇప్పుడు పాథాలజీలో ఉన్నాను. బాగానే ఉన్నాను, ఈ పనీ ఇష్టమే. కానీ ఎక్కడైనా గాల్‌బ్లాడర్ స్పెసిమెన్ నా బల్ల మీదకి వస్తే, దాన్ని ఎలా తీశారో ఊహించుకోకుండా ఉండలేను.

కత్తి పట్టిన అమ్మాయి

అన్నా, చాలా బాధగా ఉంది. ఇది చదివే జూనియర్లకి ఒకటి చెప్పాలి. మీరు చూసింది ఒక యూనిట్‌ని. ఒకే కాలేజీలో ఒక యూనిట్ నరకంలా ఉంటుంది, గోడ అవతల యూనిట్‌లో ఛీఫ్ పీజీలతో కలిసి టీ తాగుతారు. మీకు పడిన యూనిట్ బాగోకపోతే, అదే డిపార్ట్‌మెంట్‌లో ఇంకో యూనిట్ అడ్మిషన్ డేకి వెళ్లి చూడండి. వేరే కాలేజీలో సీనియర్ ఉంటే రెండు రోజులు అక్కడ ఉండి రండి. ఒక్క మనిషి దుడుకుతనం చూసి ముప్పై ఏళ్ల పనిని వదులుకోవద్దు.

పీహెచ్‌సీ డాక్టరు

నేను ఏజెన్సీలో పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ని. ఇన్‌సర్వీస్ కోటాలో పీజీకి వెళ్లాలా, ఏ బ్రాంచ్‌కి వెళ్లాలా అన్న ప్రశ్న నాకూ ఉంది.

మన కాలేజీల్లో మనకి చదువు చెప్పేవాళ్లంతా స్పెషలిస్టులు. పీహెచ్‌సీలో ఎలా పనిచేయాలో అక్కడ పనిచేసిన మనిషి వచ్చి చెప్పడం మా కాలేజీలో నేను చూడలేదు. అందుకే ఎంబీబీఎస్ డాక్టరుగా ఉండిపోవడం ఓడిపోవడంలా అనిపిస్తుంది. ఫ్యామిలీ మెడిసిన్ అనే ఎండీ ఉందన్న సంగతే మా బ్యాచ్‌లో సగం మందికి తెలియదు. కనిపించనిదాన్ని ఎవరు ఎంచుకుంటారు?

నాకు ఇక్కడ గురువు ఎవరో తెలుసా? మా స్టాఫ్ నర్సు. ఇరవై ఏళ్లుగా ఇదే సెంటర్. బాలింత కళ్లు చూసి రక్తం ఎంత ఉందో దాదాపు సరిగ్గా చెబుతుంది. కాన్పు తర్వాత గుడ్డల బరువు చూసి "సార్, ఇది ఎక్కువ పోతోంది" అంటుంది. పీపీహెచ్ (కాన్పు తర్వాత అధిక రక్తస్రావం) గురించి పుస్తకంలో చదివాను. గుర్తుపట్టడం ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఆమె వల్లే ఓబీజీ (కాన్పులు, గైనిక్) వైపు మనసు పోతోంది.

నర్సు డాక్టరుని ఒక బ్రాంచ్‌లోకి తీసుకురావడం వింత కాదు. కేరళలో ఎం.ఆర్. రాజగోపాల్ గారు అనస్తీషియా ప్రొఫెసర్. కాలికట్‌కి వచ్చిన గిల్లీ బర్న్ అనే బ్రిటిష్ నర్సు పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) వైపు ఆయన్ని నడిపించినవాళ్లలో ఒకరు. 1993లో కాలికట్ మెడికల్ కాలేజీలో సహచరులతో కలిసి నొప్పి, పాలియేటివ్ కేర్ సొసైటీ పెట్టారు. 2003లో ఇదే పని కోసం పాలియం ఇండియా అనే సంస్థ మొదలైంది. మార్ఫిన్ దొరక్క క్యాన్సర్ నొప్పితో విలవిల్లాడే రోగుల కోసం మాదకద్రవ్యాల చట్టాన్ని సడలించాలని ఏళ్ల తరబడి పోరాడారు. 2014లో ఆ సవరణ వచ్చింది.

లండన్ నుంచి చెల్లి

తొలకరి గారూ, నేను ఇంగ్లండ్‌లో సైకియాట్రీ ట్రైనింగ్‌లో ఉన్నాను, ఎంబీబీఎస్ మన దగ్గరే చేశాను. మీ ఛీఫ్ అన్న మాట ఇక్కడి మెడికల్ స్కూళ్లలో కూడా ఉండేది. అది ఎంత పెద్ద సమస్య అయిందంటే రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ వాళ్లు "బ్యాన్ ద బ్యాష్" అని ఒక ప్రచారమే నడిపారు. ఒక బ్రాంచ్ వాళ్లు ఇంకో బ్రాంచ్‌ని విద్యార్థుల ముందు చులకన చేయకూడదని. తర్వాత "చూజ్ సైకియాట్రీ" అని ఇంకోటి. అంతకుముందు సైకియాట్రీ కోర్ ట్రైనింగ్ (స్పెషాలిటీ శిక్షణ మొదటి దశ) సీట్లు మిగిలిపోయేవి. తర్వాత పూర్తిగా నిండాయి. దానికి కారణాలు చాలా ఉంటాయి గానీ సీనియర్ల మాట తీరు మారడం వాటిలో ఒకటని ఇక్కడివాళ్లు నమ్ముతారు. జీపీల (ఫ్యామిలీ డాక్టర్ల) విషయంలో కూడా ఇదే. వాల్ వాస్ అధ్యక్షతన 2016లో వచ్చిన నివేదిక, మెడికల్ స్కూళ్లలో జీపీ పనిని తక్కువ చేసి మాట్లాడటం గురించి గట్టిగా చెప్పింది.

ఇక్కడ నాకు బాగా నచ్చింది టేస్టర్ వీక్. ఫౌండేషన్ డాక్టర్లు (కొత్తగా డిగ్రీ పూర్తి చేసినవాళ్లు) తమకి ఆసక్తి ఉన్న డిపార్ట్‌మెంట్‌లో కొన్ని రోజులు వెళ్లి గడపవచ్చు. రోటాలో (డ్యూటీ పట్టికలో) లెక్కలోకి రారు, సెలైన్లు పెట్టే పని ఉండదు, కన్సల్టెంట్ పక్కన ఉండి చూడటమే. మన ఇంటర్న్‌షిప్‌లో కూడా ఎలెక్టివ్ 4 వారాలు ఉంది కదా. దాన్ని లైబ్రరీకి ఇవ్వకండి. నిజంగా ఏ బ్రాంచ్ మీద అనుమానం ఉందో అక్కడ పెట్టుకోండి.

నాన్నగారి నర్సింగ్ హోం

అందరూ గురువుల గురించి రాస్తున్నారు. మా ఇంట్లో గురువూ ఆయనే, తండ్రీ ఆయనే, హాస్పిటల్ ఓనరూ ఆయనే. ఆర్థో తప్ప ఇంకో మాటే లేదు, థియేటర్‌లో సీ-ఆర్మ్ (ఆపరేషన్ చేస్తూ చూసే ఎక్స్‌రే యంత్రం) కూడా కొనిపెట్టారు. నాకు పీడియాట్రిక్స్ ఇష్టం. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మత్తు డాక్టరు

తమ్ముడూ, నాన్నగారికి నువ్వే నేరుగా చెప్పడం కష్టమైతే, ఆయన గౌరవించే పీడియాట్రీషియన్ ఎవరైనా ఉంటారు. ఊళ్లో నర్సింగ్ హోం నడిపేవాళ్లకి కాన్పు కేసుల కోసం ఒక పిల్లల డాక్టరు స్నేహితుడు ఉండే తీరుతారు. ముందు ఆయన దగ్గర కొన్నాళ్లు కూర్చో. నీ ఇష్టం గట్టిదని ఆయనకి అనిపిస్తే, ఆయనే మాట్లాడతారు. తోటి డాక్టరు చెబితే తండ్రులు వింటారు.

విశ్రాంత ఫిజీషియన్

ఇంకొక మాట, కాస్త చేదుగా ఉంటుంది. మెంటార్లకీ అవసరాలుంటాయి. వార్డు నడవాలంటే పనిచేసే పీజీలు కావాలి. థీసిస్‌కి డేటా తీసేవాళ్లు కావాలి. బయట ప్రాక్టీసుకి నమ్మకమైన అసిస్టెంటు కావాలి. కష్టపడే ఇంటర్న్ కనబడితే "మా బ్రాంచ్‌లోకి రా" అనడం సహజం. తప్పు పట్టను. కానీ వినే పిల్లకి అది తెలిసుండాలి. అందుకని ఎవరైనా తమ బ్రాంచ్‌లోకి పిలిస్తే ఇవి అడగండి. ఈ పనిలో మీకు విసుగు తెప్పించేదేంటి? ఈ బ్రాంచ్ వదిలేసినవాళ్లు ఎందుకు వదిలేశారు? మీ పిల్లలు తీసుకుంటానంటే ఏమంటారు? తడబడకుండా, దాచకుండా జవాబు చెప్పినవాళ్లు నిజంగా నీ గురించి ఆలోచిస్తున్నట్టు.

తొలకరి (హౌస్ సర్జన్)

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. సార్ చెప్పినట్టే మేడమ్ లేని రోజు ఓపీకి వెళ్లాను. ఆ రోజు చూసిన డాక్టరు గారు మేడమ్ అంత మృదువుగా మాట్లాడేవారు కాదు. ఓపీలో జనం కిక్కిరిసిపోయారు. మందు మానేసి మళ్లీ జబ్బు తిరగబెట్టిన కుర్రాడు, తాగుడు మాన్పించమని మొగుణ్ణి లాక్కొచ్చిన ఆవిడ, సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లు. సాయంత్రానికి అలసిపోయాను, కానీ విసుగు రాలేదు. మందు మానేసిన కుర్రాడు ఎందుకు మానేశాడో తెలుసుకోవాలనిపించింది. ఒళ్లు పెరుగుతోందని, స్నేహితులు ఎగతాళి చేస్తున్నారని చెప్పాడు.

తర్వాత మేడమ్‌ని ఆ ప్రశ్నలన్నీ అడిగాను. ఆమె ఏదీ దాచలేదు. బాగయినవాళ్లు బయట కనబడితే మొహం తిప్పుకుని వెళ్లిపోతారని, పెళ్లిళ్లలో పలకరించరని చెప్పారు. ఆత్మహత్య చేసుకున్న పేషెంటు గురించి కూడా చెప్పారు. చెబుతుంటే ఆమె గొంతు మారింది. నిమ్హాన్స్ (బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) వాళ్లు 12 రాష్ట్రాల్లో చేసిన 2015-16 సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలిందని, వాళ్లలో ఎక్కువమంది వైద్యం దాకా రారని చెప్పారు. "పనికి కొదవ లేదు, డాక్టర్లకే కొదవ" అన్నారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం క్యాంపుకి తనతో రమ్మన్నారు, వెళ్తున్నాను.

ఆ తర్వాత ధైర్యం చేసి ఛీఫ్ దగ్గరికి వెళ్లాను. తలనొప్పి రైతు కేసు మొత్తం, మెడిసిన్ వార్డులో కేసు ప్రజెంట్ చేసినట్టే చేశాను. ఆయన మధ్యలో ఆపలేదు. "ఆత్మహత్య ఆలోచన అడిగారా? థైరాయిడ్ చూశారా? బీపీ మందు ఏం వాడుతున్నాడు?" అని అడిగారు. అన్నీ చూశాం సార్ అని చెప్పాను. కాసేపాగి "సరే, తీసుకో. కానీ మెడిసిన్ మర్చిపోయే సైకియాట్రిస్ట్‌వి కాకు. మా వార్డు నుంచి రిఫరెన్స్ పంపితే ఒంటి మీద చెయ్యి వేసి చూసే మనిషి రావాలి" అన్నారు. ఎలెక్టివ్‌లో సగం ఐసీయూలో చెయ్యమన్నారు, డెలిరియం (జబ్బు వల్ల హఠాత్తుగా వచ్చే మతిభ్రమ) అక్కడే బాగా తెలుస్తుందని. అలాగే చేస్తున్నాను.

కౌన్సెలింగ్‌లో పెట్టే వెబ్ ఆప్షన్లకి ఒక వరస వేసుకున్నాను. మంచి డిపార్ట్‌మెంట్ ఉన్న చోట్ల సైకియాట్రీ ముందు, తర్వాత మెడిసిన్, ఆ తర్వాత మళ్లీ దూరపు కాలేజీల్లో సైకియాట్రీ. ఇది సరైన వరసేనా?

లండన్ నుంచి చెల్లి

వరస బాగుంది. ఒక్కటి చూసుకోండి. మీరు పెట్టే ప్రతి కాలేజీలో ఇప్పుడు చదువుతున్న పీజీ ఒకరితో ఫోన్లో మాట్లాడండి. పడకల వార్డు ఉందా లేక ఓపీ మాత్రమేనా, పిల్లల సైకియాట్రీకి, డీ-అడిక్షన్‌కి ఎక్కడికి పంపుతారు, ఫ్యాకల్టీ కాగితం మీద ఉన్నారా నిజంగా ఉన్నారా. పేరున్న కాలేజీలో వార్డు లేని డిపార్ట్‌మెంట్ కన్నా, పేరు లేని చోట పూర్తి వార్డు ఉన్నది నయం. మీరు మూడో స్థానంలో పెట్టిన దూరపు కాలేజీల్లో అలాంటివి ఉంటే పైకి తీసుకురండి.

ర్యాంకే రాజు

తొలకరి గారూ, నేను ముందు రాసినదాన్ని వెనక్కి తీసుకోను, ర్యాంకు రావాలి. రోజుకి కనీసం ఒక సబ్జెక్టు రివిజన్ ఆపకండి. క్యాంపుకి వెళ్లినరోజు కూడా. కౌన్సెలింగ్ మొదటి రౌండ్‌లో వచ్చిన సీటు నచ్చకపోతే ఏం చెయ్యొచ్చో, రెండో రౌండ్ నుంచి డిపాజిట్ ఎలా పోతుందో ఆ ఏడాది బులెటిన్‌లో ముందే చదువుకోండి. ప్రతి ఏడాదీ ఏదో ఒకటి మారుస్తున్నారు. ఏదైనా అర్థం కాకపోతే ఇక్కడే అడగండి, చూస్తుంటాను.

తొలకరి (హౌస్ సర్జన్)

తప్పకుండా. ముగ్గురు పీజీల నంబర్లు దొరికాయి, ఈ ఆదివారం ఫోన్ చేస్తాను. వాళ్లు చెప్పినవి కాలేజీ పేర్లు లేకుండా ఇక్కడ రాస్తాను, నాలాగే వెతుక్కుంటున్నవాళ్లకి పనికొస్తాయి.